కిటికీ కింద రాసిన నోటుబుక్కు

మా క్లాసు తలుపు లోపలివైపు ఒక కాగితం అతికించి ఉంటుంది. దాని మీద ఏడు నియమాలు. తొమ్మిదిన్నర దాటాక తలుపు తెరవబడదు. సెల్‌ఫోను కనబడితే సెమిస్టరు అయ్యేదాకా అది నా బీరువాలోనే ఉంటుంది. అడగనిదే మాట్లాడిన వాళ్ళు బయటికి పోవాలి. ఇట్లా ఏడు. రాసింది నేనే. కర్నూలులో నేను లెక్కలు చెప్పే యూనివర్సిటీలో నేనంటే పిల్లలకు హడల్. కొత్తగా చేరిన లెక్చరర్లకు క్లాసు నడిపే పద్ధతుల గురించి నాలుగు మాటలు చెప్పమని ఏటా నన్నే పిలుస్తారు. గంటసేపు చెప్తాను. వాళ్ళు చప్పట్లు కొట్టి, ఆ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకుని పోతారు. వాళ్ళకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. అది ఇక్కడ రాస్తున్నాను. రాస్తే మనసు తేలికవుతుందనే భ్రమ నాకేమీ లేదు.

నాది కడప జిల్లా, వేంపల్లె పక్క. చీనీ తోటలున్న ఇల్లు, బత్తాయిని మావైపు చీనీ అంటారు. మా అన్నలు కొందరు కాంట్రాక్టులు చేస్తారు, కొందరు రాజకీయం చేస్తారు. మా ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడటం ఎవరికీ రాదు, నాకూ రాలేదు. చిన్నప్పుడు భయమేసినా ఏడ్చేదాన్ని కాదు, ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీద విరుచుకుపడేదాన్ని. భయం నాకు కోపంగానే వస్తుంది. ఇది తెలిస్తే తక్కిన కథంతా అర్థమవుతుంది.

ఆ ఏడు ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టరులో పద్దెనిమిది మంది ఉన్నారు. అందులో ఒక పిల్ల రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చేది. నేతపని చేసుకునే ఇల్లు. తెల్లవారుజామున లేచి, వాళ్ళ నాన్న మగ్గానికి ఆ రోజుకు సరిపడా నూలు కండెలకు చుట్టిపెట్టి, ఆ తరవాత బస్సెక్కాలి. కండెలు చుట్టే మనిషి వేరే లేదు కాబట్టి హాస్టల్లో సీటు వచ్చినా వదులుకుంది. అన్నీ కలిసొచ్చిన రోజు తొమ్మిదీ ఇరవైకి క్లాసులో ఉండేది. నూలు తెగిన రోజో, బస్సు ఆలస్యమైన రోజో తొమ్మిదీ నలభై అయ్యేది. అట్లాంటి రోజు వారానికి ఒకటైనా ఉండేది.

మొదటిసారి ఆమె తలుపు తట్టినప్పుడు గొళ్ళెం తీసి, గుమ్మంలోనే నిలబెట్టి అడిగాను.

"ఏం పాపా, ఎమ్మిగనూరులో గడియారాలు లేవా?"

క్లాసంతా నవ్వింది.

"బస్సు మేడమ్," అంది ఆ పిల్ల.

"అయితే బస్సుకు చెప్పు, మేడమ్ కోప్పడతాండాదని. పో, బయటుండు."

మళ్ళీ నవ్వారు. నాకూ బాగానే అనిపించింది. నా మాటకు పిల్లలు నవ్వితే నాకు ఆ రోజంతా హుషారుగా ఉండేది, ఆ నవ్వు ఎవరిని కోసి తెచ్చిందో ఎప్పుడూ చూసుకోలేదు.

ఆ పిల్ల వెళ్ళిపోలేదు. బోర్డు పక్కన వరండాలోకి తెరుచుకునే కిటికీ ఒకటుంది. దాని కింద గచ్చు మీద కూర్చుంది. లోపలినుంచి నాకు ఆమె పాపిట మాత్రమే కనబడేది, అది కూడా కదులుతూ. రాసుకుంటోంది. నేను చెప్పేదంతా విని రాసుకుంటోంది. తలుపు వేసిన రోజల్లా, హాజరు పట్టీలో గైర్హాజరే పడుతుందని తెలిసినా, అట్లాగే కూర్చునేది. ఇంకెవరైనా అయితే ఇంత శ్రద్ధ ఉన్న పిల్ల దొరికిందని మురిసిపోయేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. బయటికి పంపింది పాఠం పోగొట్టుకోవాలని కదా, పోగొట్టుకోకపోతే ఇక శిక్ష ఏముంది? కొన్నాళ్ళు ఓర్చుకున్నాను. ఆ తరవాత పాఠం మధ్యలో పోయి కిటికీ మూయడం మొదలుపెట్టాను. మార్చి నెల, కర్నూలు ఎండ. లోపల పదిహేడు మంది చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్ళు. ఒక్కరూ కిటికీ తియ్యమని అడగలేదు. అడగకూడదని తలుపు మీద రాసే ఉంది కదా.

ఇక నా సంగతి. అదే సెమిస్టరులో వేంపల్లెలో చీనీకాయ కోతకొచ్చింది, మా అన్న కూతురి పెళ్ళి కుదిరింది, మా అత్తగారికి శ్రీశైలం మొక్కు తీర్చాల్సి వచ్చింది. పెట్టుకోదగ్గ సెలవులన్నీ సంక్రాంతికి ముందే అయిపోయాయి. అందుకని ఒక పద్ధతి కనిపెట్టాను. నేను కనిపెట్టానని ఎందుకంటాను, అందరూ చేసేదే. తొమ్మిదికి డిపార్టుమెంటుకు పోయి మిషన్లో వేలిముద్ర వేసి, తొమ్మిదింపావుకు మా ఆయన కారులో కడప రోడ్డు పట్టేదాన్ని. అట్లా ఎనిమిది రోజులు క్లాసు జరగలేదు. పిల్లలు పదిన్నర దాకా కూర్చుని లేచిపోయేవాళ్ళు.

సెమిస్టరు చివర టీచింగ్ డైరీ చూపించాలి. ఏ రోజు ఏ గంట ఏం చెప్పామో రాసే పుస్తకం అది. ఆ ఏడు నా ప్రొఫెసరు ప్రమోషను ఫైలు కదులుతోంది, చెప్పాల్సిన గంటలు చెప్పానని లెక్క సరిపోవాలి. ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ ఎనిమిది క్లాసులూ డైరీలో చెప్పేశాను. డైరీలో క్లాసు ఉంటే హాజరు పట్టీలోనూ ఉండాలి. ఎనిమిది గళ్ళలో అందరికీ హాజరు వేసేస్తే పసిపిల్లకైనా అనుమానం వస్తుంది. పద్దెనిమిది మందీ ఒక్కరోజైనా మానకుండా వచ్చిన క్లాసు లోకంలో లేదు. కాబట్టి సహజంగా కనబడటానికి అక్కడక్కడా గైర్హాజరు వెయ్యాలి. మా వృత్తిలో ఉన్నవాళ్ళకు ఈ ఒడుపు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఎవరికి వెయ్యాలా అని నేను ఆలోచించను కూడా లేదు. చెయ్యి తనంతట తానే ఆ పిల్ల వరసకు పోయింది. ఎనిమిదిలో ఏడు ఆమెకే వేశాను. అంటే నేను వేంపల్లెలో చీనీకాయలు ఏరిస్తున్న పూట, ఆ పిల్ల నా క్లాసుకు రాలేదని రాసి సంతకం పెట్టాను.

వారం తరవాత పరీక్ష రాయడానికి అర్హత లేనివాళ్ళ జాబితా నోటీసు బోర్డులో పెట్టారు. జాబితా అంటే ఒక్కటే పేరు. మా దగ్గర ఒక్కో పేపరుకూ హాజరు విడిగా చూస్తారు. అరవై అయిదు శాతానికి పైన ఉంటే ఏదో ఒక దరఖాస్తుతో గట్టెక్కవచ్చు, దిగువన ఉంటే మరుసటి ఏడు కింది తరగతి వాళ్ళతో కలిసి మళ్ళీ చదవాలి. నిజంగా జరిగిన క్లాసులే లెక్కేస్తే ఆ పిల్లకు డెబ్బై దాటింది. నేను కలిపిన ఎనిమిదితో అరవై మూడుకు దిగింది.

అదీ మామూలు ఏడు కాదు. ఎన్నో ఏళ్ళు ఎదురు చూడగా జూనియర్ లెక్చరర్ ఉద్యోగాలకు నోటిఫికేషన్ పడింది. ఆ వేసవికి పీజీ పాసైన కాగితం చేతిలో ఉంటేనే ఆ పరీక్షకు కూర్చోనిస్తారు. మా క్లాసులో ఆ ఉద్యోగం కొట్టగలిగే పిల్ల ఒక్కతే ఉందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు, తక్కిన పదిహేడు మందికీ తెలుసు. నా ఒక్క పేపరు ఆగితే అది ఆగిపోతుంది.

మరునాడు పొద్దున ఆ పిల్ల నా గదికొచ్చింది. కోపంతో వస్తుందనుకున్నాను. కోపం లేదు. నా పొరపాటు దిద్దడానికి వచ్చినట్టు చాలా మర్యాదగా మాట్లాడింది.

"మేడమ్, మీరు యాడో పొరపాటు పడినట్టుండారు. ఆఫీసులో పట్టీ చూపిచ్చినారు, ఏడు రోజులు నేను రాలేదని ఉండాది. ఆ పొద్దులు క్లాసే జరగలేదు మేడమ్. నేను రాసి పెట్టుకున్యా."

ఖాకీ అట్ట వేసిన పొడుగాటి నోటుబుక్కు నా బల్ల మీద పెట్టింది. తెరిచాను. ప్రతి పేజీ పైన తేదీ ఉంది, ఆ రోజు పాఠం ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు. బయట కూర్చున్న రోజు పేజీ మూలన "బయట" అని చిన్నగా రాసుకుంది. కొన్ని పేజీల్లో పాఠం సగంలో ఆగి, కింద "కిటికీ మూసినారు" అని ఉంది. ఎనిమిది పేజీల్లో మాత్రం తేదీ, దాని కింద ఒకే మాట: "మేడమ్ రాలేదు." ఎక్కడా విసుగు లేదు, ఫిర్యాదు లేదు. ఆ సెమిస్టరంతా నేనేం చెప్పానో, ఎప్పుడు చెప్పలేదో అందులో ఉన్నంత సరిగ్గా నా డైరీలో లేదు.

ఈ పుస్తకం ఎవరి కంటబడినా నా వేలిముద్రలు, డైరీ, ప్రమోషను అన్నీ గంగలో కలుస్తాయి. అప్పుడే పట్టీ తెచ్చి, ఆ ఎనిమిది గళ్ళు కొట్టేసి, నాదే తప్పని డిపార్టుమెంటు హెడ్డుకు ఒక చీటీ రాసి ఉంటే సరిపోయేది. మహా అయితే ఒక మెమో ఇచ్చేవాళ్ళు, ఒక ఏడాది ప్రమోషను ఆగేది. ఏడాది ఆగడం ఎవరికో ఒకరికి తప్పదని అప్పటికే తేలిపోయింది. ఆ ఒకరు నేను కాకూడదనుకున్నాను.

"సరే, సరిచూస్తాను. ఇది ఈడ పెట్టిపో," అన్నాను.

"పరీక్షకు ఇదే చదువుకోవల్ల మేడమ్."

"తినేస్తానా నీ బుక్కును? పెట్టిపో."

పెట్టి పోయింది. నోటుబుక్కును బీరువాలో సెల్‌ఫోన్ల పక్కన పెట్టి తాళం వేశాను.

రెండు రోజులు చూసి ఆ పిల్ల హెడ్డు దగ్గరికి పోయింది. మా హెడ్డు ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి, ఎవరి జోలికీ పోకుండా ఆ ఏడాది గడిపేస్తే చాలనుకునే మనిషి. నన్ను పిలిపించాడు. ఆ పిల్ల గోడ వార నిలబడి ఉంది.

"ఏమ్మా, ఆ రోజుల్లో క్లాసు జరగలేదంటాండాది ఈ పాప. ఏదో నోటుబుక్కులో రాసుకుందంట. నీ దగ్గరుందంట గదా?"

"ఏ నోటుబుక్కు సార్?" అన్నాను.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. ఆ పిల్ల నా వంక చూసింది. అబద్ధమాడిన మనిషిని చూసినట్టు కాదు, తనకే చెవుడొచ్చిందేమోనన్నట్టు చూసింది. హెడ్డు కూడా నన్నే చూశాడు. ఆయనకు అంతా అర్థమైంది. ముప్పై ఏళ్ళు ఇదే పని చేసిన మనిషి, హాజరు పట్టీ ఎట్లా నిండుతుందో తెలియకపోవడమేంటి? పేరుకని ఇద్దరు క్లాసు పిల్లల్ని పిలిపించి అడిగాడు. వాళ్ళ ఇంటర్నల్ మార్కులు నా చేతిలో ఉన్నాయి. గుర్తు లేదు సార్ అన్నారు ఇద్దరూ, తలలు వంచుకుని.

"పట్టీలో ఉండేదే లెక్కమ్మా. నేనేం చేసేది?" అన్నాడాయన ఆ పిల్లతో. ఆ తరవాత ఫ్యాను రెగ్యులేటరు తిప్పడానికి లేచాడు. ఫ్యాను అప్పటికే పూర్తిగా తిరుగుతోంది.

ఆ మరునాడు వాళ్ళ నాన్న వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. వేళ్ళ సందుల్లో నూలు రంగు పోలేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. నిజానికి నేను గట్టిగా చూపించలేదు.

"అమ్మా, పాప లేటుగా వచ్చినందుకు మీకు కోపమొచ్చిందని నాకు తెలుసు. తప్పు పాపది కాదమ్మా. కండెలు చుట్టిపిచ్చింది నేను. ఇంగ చుట్టించను. శిచ్చ ఏమన్నా ఉంటే నాకెయ్యండి."

ఆయన నోటుబుక్కు ఊసెత్తలేదు. కూతురు చెప్పలేదో, చెప్పినా మేడమ్ అట్లా చేస్తుందని నమ్మలేకపోయాడో. నేను తల దించుకోవాల్సిన చోట నాకు కోపం తన్నుకొచ్చింది. నాకెప్పుడూ వచ్చేదదే.

"చదువుకునే పిల్లతో మగ్గం పని చేయించుకుని ఇప్పుడొచ్చి మమ్మల్ని అడుగుతావేమప్పా? నీ కండెలు ముఖ్యమా, పాప చదువు ముఖ్యమా? ముందే ఆలోచించుకోవల్ల."

"నిజమేనమ్మా," అన్నాడు. "నాదే తప్పు."

ఆ తప్పు తనదేనని నమ్మి పోయాడు. అది నేనే నమ్మించాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసినవన్నీ ఒక ఎత్తు, ఆ మనిషిని అట్లా పంపడం ఒక ఎత్తు. ఎమ్మిగనూరు బస్సులో కూర్చుని ఆ రెండు గంటలూ తనను తాను ఎంత తిట్టుకున్నాడో నాకు తెలియదు.

పరీక్షలు జరిగాయి, ఆ పిల్ల రాయలేదు. వేసవిలో జూనియర్ లెక్చరర్ పరీక్ష జరిగింది, అదీ రాయలేదు. గుర్తు లేదన్న ఇద్దరిలో ఒకడికి ఉద్యోగమొచ్చింది. మిఠాయి డబ్బా పట్టుకుని నా గదికొచ్చి కాళ్ళకు మొక్కాడు. తీసుకుని తిన్నాను.

నోటుబుక్కును కాల్చేద్దామనే అనుకున్నాను. కాల్చలేదు. జాలితో అనుకునేరు. జూన్‌లో ప్రమోషను కమిటీ వాళ్ళు ప్రతి పేపరుకూ తేదీల వారీగా పాఠం నోట్సు చూపించమన్నారు. నా దగ్గరున్నవి పాతికేళ్ళనాటి పసుపుపచ్చ కాగితాలు, వాటికి తేదీలూ లేవు, పేజీ నంబర్లూ లేవు. బీరువా తీశాను. నాలుగు రోజులు కూర్చుని ఆ పిల్ల నోట్సంతా నా చేతిరాతతో దించాను. "బయట" అన్న మాటలు వదిలేశాను. "మేడమ్ రాలేదు" అన్న ఎనిమిది రోజులకు ఏవో పాఠాలు పెట్టాను. "కిటికీ మూసినారు" అని ఉన్న చోట్ల ప్రూఫులు సగంలో ఆగి ఉన్నాయి. వాటిని తరవాత పూర్తి చేద్దామనుకుని, చూసేవాళ్ళ కంటికి లోటు కనబడకుండా, ప్రూఫు అయిపోయిందనడానికి గీసే చిన్న చదరం గీసి ముందుకు పోయాను. తరవాత మరిచిపోయాను. వచ్చే పెద్దమనుషులు పేజీలు తిప్పుతారే గాని చదవరు కదా.

తిప్పారు. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరు నా ఫైలు ఎత్తి పట్టుకుని తక్కినవాళ్ళకు చూపించాడు.

"ఇంత శ్రద్ధగా చెప్పేవాళ్ళు ఇప్పుడెక్కడున్నారమ్మా? మీ పిల్లలు అదృష్టవంతులు."

నవ్వాను. నెల తిరక్కుండా ప్రొఫెసరునయ్యాను. హెడ్డు శాలువా కప్పాడు.

మళ్ళీ ఆఖరి సెమిస్టరు మొదలైంది. మొదటి రోజు తొమ్మిదింపావుకు నేను పోయేసరికి ఆ పిల్ల ముందు బెంచీలో కూర్చుని ఉంది. చుట్టూ తనకంటే ఏడాది చిన్నవాళ్ళు. వాళ్ళ నాన్న మాట మీద నిలబడినట్టుంది, ఇక ఆమెకు ఆలస్యం కాలేదు. క్లాసు అయ్యాక నా వెంట వరండాలోకి వచ్చింది.

"మేడమ్, నా నోటుబుక్కు."

"ఏ నోటుబుక్కు?" అన్నాను మళ్ళీ.

మూడోసారి అడగలేదు. కొత్తది కొనుక్కుంది. దానికీ ఖాకీ అట్టే వేసుకుంది.

ఆ ఫైలు చేతికొచ్చాక నాకు బద్ధకం పెరిగింది. ఇంటి దగ్గర పాఠం చూసుకోవడం మానేశాను. ఫైలు తెరిచి బోర్డు మీద దించడమే. మార్చిలో ఒకరోజు అట్లాగే ఒక ప్రూఫు దించుతున్నాను. బోర్డు సగం నిండింది. ఇంకో వరస రాసి, ఆ చిన్న చదరం కూడా గీశాక, వెనక్కి జరిగి చూశాను. ప్రూఫు ముగియలేదు. చేరాల్సిన చోటికి ఇంకా చాలా దూరం ఉంది. ఫైల్లో పేజీ తిప్పాను, తరవాతి పేజీలో వేరే పాఠం. వెనక్కి తిప్పాను. ఎన్నో ఏళ్ళుగా చెప్తున్న ప్రూఫే, ఆ నిమిషానికి ఒక్క ముక్కా తట్టలేదు. చాక్‌పీసు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. క్లాసు గుడ్లప్పగించి చూస్తోంది. ఎవరూ నోరెత్తరు, ఎత్తకూడదు.

ముందు బెంచీలోంచి ఆ పిల్ల లేచి నిలబడింది.

"ఆడ కిటికీ మూసినారు మేడమ్," అంది.

గొంతులో ఎత్తిపొడుపు లేదు. నాకు దారి చూపించడానికే అన్నట్టు, బోర్డు మీది చివరి వరస వైపు వేలు చూపిస్తూ అంది. పక్కనున్న పిల్లలకు ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నా ఫైలు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు ఎన్నాళ్ళ నుంచి తెలుసో నాకు తెలియదు. బహుశా మొదటి వారం నుంచే, తన వాక్యాలు తనకే బోర్డు మీద కనబడుతున్నప్పటి నుంచే తెలిసి ఉంటుంది. అన్నాళ్ళూ నోరు మూసుకుని తన పాఠాన్నే మళ్ళీ తన నోటుబుక్కులోకి ఎక్కించుకుంది.

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఆ సిగ్గు నోటిదాకా వచ్చేసరికి ఎప్పటిలాగే కోపమైంది. తలుపు మీది కాగితం చూపించాను.

"అడగందే మాట్లాడితే ఏమని రాసుంది ఆడ?"

ఆ పిల్ల కాగితం వైపు చూడలేదు. పుస్తకం, పెన్ను తీసుకుని బయటికి నడిచింది. వెనకే పోయి గొళ్ళెం పెట్టాను. హాజరు పట్టీ తీసి ఆమె గడిలో గైర్హాజరు వేశాను. ఈ ప్రూఫు రేపు పూర్తి చేస్తానని పిల్లలతో చెప్పి బోర్డు తుడుస్తుంటే కిటికీ కింద పాపిట కనబడింది. అదే చోటు.

కిటికీ దగ్గరికి పోయాను. గచ్చు మీద కూర్చుని నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుంది. కొత్త పేజీ పైన తేదీ వేసి, మూలన "బయట" అని అప్పటికే రాసేసింది. కిటికీ రెక్క మీద నా చెయ్యి చూసి తలెత్తింది. పెన్ను కాగితానికి ఆనించి, నేనేం చేస్తానోనని ఎదురు చూస్తోంది.

నేను కిటికీ మూశాను. ఆ మాట కూడా ఆమె రాసుకునే ఉంటుంది.